ఐదేళ్ళకని ఇచ్చిన సీటు

హామిల్టన్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు చేరితే, అందులోనూ అది ఎలక్షన్ ఏడాది అయితే, ఈ మాట రాక మానదు: "ఇంత డెవలప్ అయిన దేశంలో కూడా మావోరీలకు సెపరేట్ సీట్లేంటండీ? అందరికీ ఒకే రూలు ఉండాలి కదా!" మావోరీలంటే ఈ దేశపు మూలవాసులు. అలా అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చాలామంది నాకు కావలసినవాళ్ళే. మన దగ్గర రిజర్వేషన్ల మీద జరిగే వాదనని ఉన్నదున్నట్టు తెచ్చి న్యూజిలాండ్‌కి అతికిస్తారు, అంతే. కానీ ఆ మాటతో నేను ఏకీభవించను. ఎందుకో చెప్పాలంటే ఇప్పుడు ఉనికిలో లేని ఒక పార్లమెంటు నియోజకవర్గం కథ చెప్పాలి. దాని పేరు వెస్టర్న్ మావోరీ. 1868లో మొదటి ఎన్నిక జరిగింది, 1996లో రద్దయింది. మేముంటున్న ఈ వైకాటో ప్రాంతమంతా ఒకప్పుడు అందులోదే.

ముందు దాని సైజు చూడండి. ఉత్తర దీవి పడమటి సగం. ఆక్లాండ్ దక్షిణం నుంచి మొదలుపెట్టి వైకాటో, తరనాకి, వాంగనుయి దాటుకుంటూ కింద వెల్లింగ్టన్ దాకా. ఇవాళ రోడ్డు మీద ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్‌కి దాదాపు 640 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్ళినంత. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో, గుర్రం మీదా పడవలోనూ తిరిగే కాలంలో, అంత మేరకీ కలిపి ఒక్క ఎంపీ. అదే నేల మీద తెల్లవాళ్ళకి మాత్రం పదుల సంఖ్యలో నియోజకవర్గాలు. ఒకే మట్టి మీద రెండు మ్యాపులు పరిచారన్నమాట.

ఎందుకలా చేశారు? 1852లో బ్రిటిష్ పార్లమెంటు ఈ వలసకి ఒక రాజ్యాంగ చట్టం ఇచ్చింది. 21 ఏళ్ళు నిండి, చట్టంలో చెప్పినంత ఆస్తి తన పేరు మీద ఉన్న మగవాడికి ఓటు. చదవడానికి అందులో రంగు ప్రస్తావన లేదు. మావోరీ మగవాళ్ళకీ అది వర్తిస్తుంది. కానీ మావోరీల భూమి వంశానికంతటికీ ఉమ్మడిది, ఎవరి పేరునా పట్టా ఉండదు. ఉమ్మడి భూమి చూపించి ఓటు అడగడం కుదరదని 1859లో లండన్‌లోని ప్రభుత్వ న్యాయాధికారులు తేల్చేశారు. అప్పటికి ఉత్తర దీవిలో ఎక్కువ భూమి మావోరీలదే. భూమి వాళ్ళది, ఆ భూమి మీద చట్టాలు చేసే సభ మాత్రం వాళ్ళది కాదు.

తర్వాత యుద్ధం. 1860లో తరనాకిలో మొదలైంది. 1863 జూలైలో సైన్యం వైకాటోలోకి దిగింది. అదే ఏడాది చేసిన చట్టంతో "తిరుగుబాటుదార్ల" భూముల జప్తు. ఒక్క వైకాటోలోనే పన్నెండు లక్షల ఎకరాల మాట. హామిల్టన్ ఊరు పుట్టింది ఆ జప్తు భూమిలోనే, సైనికులకి పంచిన ప్లాట్ల మీద. నేను లోన్ పెట్టి కొనుక్కున్న ఇల్లు కూడా ఆ నేల మీదే ఉంది. ఈ చరిత్ర నాకు సంబంధం లేదని అనుకోలేకపోవడానికి అదొక కారణం.

యుద్ధం ఇంకా పూర్తిగా చల్లారకముందే, 1867లో, నేపియర్ సభ్యుడు డొనాల్డ్ మెక్లీన్ మావోరీ ప్రాతినిధ్య బిల్లు తెచ్చాడు. నాలుగు సీట్లు: ఉత్తర దీవిలో మూడు, దక్షిణ దీవి మొత్తానికీ ఒకటి. 21 దాటిన ప్రతి మావోరీ మగవాడికీ ఓటు, ఆస్తి షరతు లేదు. ఉమ్మడి భూములు విడగొట్టి పట్టాలు ఇచ్చేస్తే మావోరీలు కూడా మామూలు ఓటర్లయిపోతారు, అందాకా ఇది చాలు అని లెక్క. అందుకే గడువు ఐదేళ్ళు పెట్టారు. అదే సమయంలో దక్షిణ దీవి పడమటి తీరంలో బంగారం తవ్వుకునేవాళ్ళకి కూడా కొత్త సీట్లు ఇచ్చారు. దక్షిణ దీవికి సీట్లు పెరుగుతుంటే ఉత్తర దీవికి ఈ మూడూ తూకం సరిచేశాయి. న్యాయం కోసం మాట్లాడినవాళ్ళు ఆ సభలో ఉండే ఉంటారు. బిల్లు అంత తేలిగ్గా గట్టెక్కింది మాత్రం ఈ తూకం వల్లే అని నా నమ్మకం.

ఇప్పుడు లెక్క చూద్దాం. మావోరీలు సుమారు 50,000, సీట్లు 4. తెల్లవాళ్ళు సుమారు 2,50,000, సీట్లు 72. జనాభా ప్రకారం పంచి ఉంటే మావోరీలకి 14 నుంచి 16 దాకా రావాలి. "ప్రత్యేక సౌకర్యం" అని మనవాళ్ళు అంటున్నది దీన్నే. పదిహేను ఇవ్వాల్సిన చోట నాలుగు ఇచ్చి, ఆ నాలుగు దాటి పెరగకుండా హద్దు గీశారు. ఐదేళ్ళ గడువుని 1872లో ఇంకో ఐదేళ్ళు పొడిగించారు, 1876లో గడువే తీసేశారు. దేశంలో సీట్ల సంఖ్య ఎన్నిసార్లు మారినా మావోరీ సీట్లు నాలుగే. 1993 ఎన్నికల నాటికి సభలో 99 సీట్లుంటే, అప్పటికీ అవే నాలుగు.

ఓటు వేసే పద్ధతి ఇంకా బాధాకరం. తెల్లవాళ్ళకి 1870 నుంచి రహస్య బ్యాలెట్. మావోరీలు అందరూ చూస్తుండగా చేతులెత్తాలి. 1910లో చేతులెత్తడం మాన్పించి కొత్త పద్ధతి పెట్టారు. ఓటరు వచ్చి అధికారి ఎదుట నిలబడాలి. పక్కన మావోరీ సహాయకుడు ఒకడు ఉంటాడు. ఎవరికి ఓటో నోటితో చెప్పాలి, అధికారి రాసుకుంటాడు. ఒక్కసారి ఊహించుకోండి. మన భూమి కేసు ఎవరి టేబుల్ మీద ఉందో ఆ ప్రభుత్వం మనిషి ముందే నిలబడి, ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డవాడి పేరు పైకి చెప్పాలి. ఈ దేశానికి వచ్చి రెసిడెన్సీ తెచ్చుకుని, ఏడాది గడిచాక పౌరసత్వం లేకుండానే నేను ఓటేశాను. అట్టపెట్టె చాటున, ఎవరూ చూడకుండా. ఆ చాటు మావోరీలకి దొరికింది 1938 ఎన్నికల్లో. అంటే తెల్లవాళ్ళ తర్వాత 68 ఏళ్ళకి. ఓటర్ల జాబితా వచ్చింది 1949లో. 1951 దాకా వాళ్ళు ఓటేసే రోజు కూడా వేరే.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆస్తి షరతు లేకుండా మావోరీ మగవాళ్ళందరికీ 1867లోనే ఓటు వచ్చింది, తెల్ల మగవాళ్ళందరికీ వచ్చింది 1879లో. సొంత ఆస్తి ఉన్న మావోరీలు 1893 దాకా రెండు చోట్లా ఓటేయగలిగేవాళ్ళు కూడా. 1893లో ఆడవాళ్ళకి ఓటు వచ్చినప్పుడు మావోరీ ఆడవాళ్ళకీ వచ్చింది. ఇవి నిజాలే, దాచాల్సిన పని లేదు. కానీ ఓటుకి ఉన్న బరువెంత అని అడిగితే మళ్ళీ ఆ నాలుగు సీట్ల దగ్గరికే వచ్చి ఆగుతాం.

వెస్టర్న్ మావోరీ మొదటి సభ్యుడు మేటే కింగి పాయెటాహి. వాంగనుయి నది ప్రాంతపు పెద్ద, యుద్ధంలో ప్రభుత్వం వైపు నిలిచినవాడు. భూములు పోగొట్టుకుని మావోరీ రాజు తాఫియావో వెంట కొండల్లోకి వెళ్ళిపోయిన వైకాటో జనానికి ఆ ఎన్నికతో పట్టింపు లేదు. 1871లో వచ్చిన విరెము పరాటా వేరే రకం మనిషి. ఆయన పేరు ఇక్కడ లా చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. పోరిరువా దగ్గర విటిరేయా అనే చోట ఆయన తెగవాళ్ళు 1848లో బడి కట్టమని చర్చికి భూమి ఇచ్చారు. ప్రభుత్వం ఆ భూమిని వాళ్ళని అడక్కుండానే బిషప్ పేర రాసేసింది. బడి మాత్రం రాలేదు. పరాటా పార్లమెంటు నుంచి బయటికొచ్చాక కోర్టుకెక్కాడు. 1877లో చీఫ్ జస్టిస్ ప్రెండర్‌గాస్ట్ తీర్పు ఏమిటంటే, బ్రిటిష్ రాణికీ మావోరీ పెద్దలకీ మధ్య 1840లో కుదిరిన వైటాంగి ఒప్పందానికి చట్టపరంగా ఏ విలువా లేదు అని. ఆ తీర్పు నీడ దాదాపు వందేళ్ళు ఈ దేశం మీద పడింది. పార్లమెంటులో కూర్చుని, మంత్రివర్గ సలహా మండలిలో కూడా పనిచేసిన మనిషికి కోర్టులో దక్కిన న్యాయం ఇది.

విరెము తే ఫేయొరో 1879 నుంచి 1884 దాకా ఎంపీ. ఆయన 1884లో రాజు తాఫియావోతో కలిసి విక్టోరియా రాణికి మొర పెట్టుకోవడానికి లండన్ ఓడెక్కాడు. రాణి దర్శనం దొరకలేదు. మీ సంగతి మీ వలస ప్రభుత్వంతోనే తేల్చుకోండి అని తిప్పి పంపారు. ఆ తర్వాత వచ్చిన నలుగురి గురించి ఇక్కడ చెప్పాల్సింది పెద్దగా లేదు.

మావి పోమరే దగ్గర మాత్రం ఆగాలి. 1881 నవంబర్ 5న తరనాకిలో పరిహాకా అనే ఊరి మీదికి సాయుధ బలగాలు వచ్చాయి. ఆ ఊరివాళ్ళు ఆయుధం పట్టరు. సర్వే చేసి రోడ్లు వేస్తుంటే అడ్డంగా దున్నేవాళ్ళు, కంచెలు కట్టేవాళ్ళు, జైలుకెళ్ళేవాళ్ళు. ఆ రోజు పిల్లలు పాటలు పాడుతూ సైనికులకి ఎదురుగా కూర్చున్నారు. పోమరే అప్పుడు చిన్నపిల్లవాడు. గుర్రం డెక్క కింద పడి ఆయన కాలి వేలు పోయింది. ఆ పిల్లవాడు అమెరికా వెళ్ళి డాక్టరయ్యాడు, మావోరీల్లో మొదటి డాక్టరు ఆయనే. 1911లో వెస్టర్న్ మావోరీ నుంచి గెలిచి చనిపోయేదాకా, అంటే 1930 దాకా, ఎంపీగా ఉన్నాడు. ఆరోగ్యశాఖ మంత్రి కూడా అయ్యాడు.

1911లో ఆయన తరఫున వైకాటోలో ఊరూరా తిరిగి ప్రచారం చేసింది రాజవంశపు ఆడపడుచు తే పుయెయా హెరంగి. ఆరేళ్ళు గడిచేసరికి ఇద్దరూ ఎదురెదురు. మొదటి ప్రపంచయుద్ధంలో నిర్బంధ సైనిక సేవ 1917లో మావోరీలకీ పెట్టారు. అమలు చేసింది మాత్రం వైకాటో, మనియపోటో ప్రాంతంలోనే. పోమరే దాన్ని సమర్థించాడు. మా భూములు గుంజుకున్న ప్రభుత్వం కోసం మేమెందుకు చావాలి, పైగా ఇక రక్తం చిందించొద్దని మా రాజు చెప్పి పోయాడు అని తే పుయెయా తిరగబడింది. కుర్రవాళ్ళని మంగటాఫిరి దగ్గర తన ఊళ్ళో చేర్చుకుంది. 1918లో పోలీసులు వచ్చారు. కుర్రవాళ్ళు చెయ్యెత్తలేదు, అలాగని లేచి నడవనూ లేదు. ఒక్కొక్కళ్ళనీ మోసుకుపోవాల్సి వచ్చింది. ఆక్లాండ్ నారో నెక్ క్యాంపులో యూనిఫాం వేసుకోనన్నవాళ్ళకి రొట్టె, నీళ్ళు. లొంగనివాళ్ళకి జైల్లో కఠిన శిక్ష. ఆ నిర్బంధం కింద పట్టుకెళ్ళినవాళ్ళలో ఒక్కడిని కూడా యుద్ధానికి ఓడెక్కించలేకపోయారు. ఇక్కడ నా మనసు పూర్తిగా తే పుయెయా వైపే. అయినా పోమరేని ద్రోహి అనలేను. జప్తు భూముల మీద సిమ్ కమిషన్ వేయించడానికి ఏళ్ళ తరబడి పట్టుబట్టినవాడు ఆయనే. తరనాకి జప్తు అన్యాయమనీ, వైకాటోలో అతిగా చేశారనీ ఆ కమిషన్ చెప్పింది. తరనాకికి ఏడాదికి 5,000 పౌండ్లు, వైకాటోకి 3,000 పౌండ్లు ఇమ్మంది. పోయిన భూమి ముందు అది చిల్లర. కానీ తప్పు జరిగిందని ప్రభుత్వ కాగితం మీదికి వచ్చింది, వచ్చింది ఈ సీటు వల్లే.

తర్వాతి ఘట్టం రాటానాది. వాంగనుయి దగ్గర పొలం దున్నుకునే టి.డబ్ల్యు. రాటానా 1918 ఫ్లూ తర్వాత ఒక మతోద్యమం లేవదీశాడు. పేదలు, భూమి లేనివాళ్ళు, వంశగౌరవాలు పట్టనివాళ్ళు వేలుగా చేరారు. వైటాంగి ఒప్పందాన్ని చట్టం చేయమని 30,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. నాలుగు సీట్లూ మనవి కావాలి అన్నాడాయన. 1935లో వెస్టర్న్ మావోరీని ఆయన కొడుకు టోకో రాటానా గెలిచాడు. 1936 ఏప్రిల్‌లో రాటానా స్వయంగా వెళ్ళి లేబర్ పార్టీ ప్రధాని సావేజ్ టేబుల్ మీద కొన్ని వస్తువులు పెట్టాడు: ఒక బంగాళాదుంప, మూడు హుయా పిట్ట ఈకలు, ఒక పగిలిన గడియారం, ఒక పచ్చరాతి పతకం, తమ ఉద్యమపు పిన్ను. బంగాళాదుంప మావోరీకి తిండి, దాన్ని పండించడానికి నేల ఏదీ అని. గడియారం బాగుచేయించడానికి డబ్బుల్లేవు, చట్టం కూడా అలాగే పాడైపోయి ఉంది అని. హుయా పిట్ట అప్పటికే అంతరించిపోయింది. అలా లేబర్ పార్టీతో కుదిరిన పొత్తు దశాబ్దాలు నడిచింది. 1943కల్లా నాలుగు సీట్లూ వాళ్ళవే. 1946లో లేబర్‌కి 42, ప్రతిపక్షమైన నేషనల్ పార్టీకి 38. తేడా సరిగ్గా నాలుగు. ప్రభుత్వం నిలబడింది ఆ నాలుగు సీట్ల మీదే. అణిచి ఉంచడానికి గీసిన హద్దు లోపలివాళ్ళే ప్రధానిని నిలబెట్టే స్థితికి వచ్చారు. మావోరీ ఓట్లతో బతుకుతున్న ప్రభుత్వం అని అప్పట్లో ప్రతిపక్షం వాళ్ళు ఈసడించుకున్నారు. సీట్లు పనికిరానివిగా ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. పని చేయడం మొదలెట్టాకే సమానత్వం గుర్తొచ్చింది.

1949లో ఆ సీటుకి ఇరియాకా రాటానా నిలబడింది. అప్పటి ఎంపీ మటియు ఆమె భర్త, ఎన్నికలకి నెల ముందు చనిపోయాడు. పిల్లల తల్లి, పాడి పశువుల పొలం చూసుకునే మనిషి. ఆడది మా పడవకి, అంటే మా తెగల గుంపుకి, నాయకత్వం వహించడమేంటని బహిరంగంగా వ్యతిరేకించింది ఎవరో కాదు, ఆ తే పుయెయానే. అయినా ఇరియాకా గెలిచింది. పార్లమెంటులో మొదటి మావోరీ మహిళ ఆమె. ఇరవై ఏళ్ళు ఎంపీగా ఉంది.

ఇక్కడ మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే పోలిక పెట్టేవాళ్ళు ఈ తేడా చూడటం లేదు. మన పాడేరు, అరకు రిజర్వ్‌డ్ సీట్లే, కానీ అక్కడ ఓటు అందరిదీ. అభ్యర్థి మాత్రమే గిరిజనుడు కావాలి. 1932 పూనా ఒప్పందంతో దళితులకి ప్రత్యేక ఓటర్ల పద్ధతి పోయి, ఉమ్మడి ఓటర్లతో రిజర్వేషన్ అనే దారి వచ్చింది. అంబేద్కర్ ముందు కోరింది అది కాదు. మావోరీ సీట్లలో ఓటూ మావోరీలదే, అభ్యర్థిని నిలదీసే హక్కూ వాళ్ళదే. ఇక రెండో వైపు. 1957లో మన పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు, ఒక సీటు గిరిజనులకి రిజర్వు. ఓట్లు లెక్కపెడితే రిజర్వు సీటు ఒక గిరిజన అభ్యర్థికి పోగా, జనరల్ సీటు కూడా మరో గిరిజన అభ్యర్థి సూరి దొరకే వచ్చింది. ఓడిపోయింది వి.వి. గిరి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రిజర్వు సీటుకి నామినేషన్ వేసినవాడు జనరల్ సీటు గెలవకూడదనేమీ లేదని 1959లో కోర్టు చెప్పింది. సరిగ్గా ఆ రోజుల్లో న్యూజిలాండ్‌లో మావోరీకి జనరల్ సీటులో నిలబడే హక్కే లేదు. అది వచ్చింది 1967లో. అంటే దశాబ్దాలపాటు ఆ నాలుగు సీట్ల తలుపులు బయటి నుంచి గడియ పెట్టి ఉన్నాయి. "వాళ్ళు విడిగా ఎందుకుంటారు" అని ఇవాళ అడిగేవాళ్ళకి ఇది తెలియాలి.

ఎదుటివాళ్ళ వాదనలో ఒక బలమైన పాయింటు ఉంది. సీట్లు విడిగా ఉన్నాయి కాబట్టి మిగతా ఎంపీలెవరికీ మావోరీ ఓటు అవసరం రాలేదు, వాళ్ళ గోడు పట్టించుకోనూ లేదు. 1986లో ఎన్నికల పద్ధతి మీద వేసిన రాయల్ కమిషన్ ఇదే చెప్పింది. పార్టీలకి వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చే దామాషా పద్ధతి తెచ్చి, ఈ సీట్లు తీసేస్తే అన్ని పార్టీలూ మావోరీ ఓటు కోసం వస్తాయంది. కమిషన్ నిజాయితీని నేను శంకించను. కానీ మావోరీలు ఊరూరా చర్చించుకుని, వద్దు, మా సీట్లు మాకుండనివ్వండి అన్నారు. ఆ సీట్లతో ఏం సాధించారో వాళ్ళకి తెలుసు. వెస్టర్న్ మావోరీ చివరి ఎంపీ కోరో వెటెరె 1969 నుంచి 1996 దాకా ఉన్నాడు. మావోరీ వ్యవహారాల మంత్రిగా 1985లో ఆయన తెచ్చిన సవరణతో, ఆ ఒప్పందం ఉల్లంఘనల మీద ఫిర్యాదులు వినే వైటాంగి ట్రిబ్యునల్ 1840 నుంచి జరిగిన అన్యాయాలన్నిటినీ విచారించగలిగింది. 1987లో మావోరీ భాషకి అధికార హోదా వచ్చింది. 1995లో వైకాటో జప్తుకి ప్రభుత్వం క్షమాపణ చెప్పి 170 మిలియన్ డాలర్ల విలువైన పరిష్కారం ఇచ్చింది. ఆ చట్టం మీద ఎలిజబెత్ రాణి వెల్లింగ్టన్‌లో స్వయంగా సంతకం పెట్టింది. ఆమె ముత్తాత తల్లి కాలంలో తే ఫేయొరో లండన్ నుంచి తిరిగొచ్చింది వట్టి చేతులతో.

1993 చట్టంతో సీట్ల సంఖ్య మావోరీ రోల్‌లో, అంటే మావోరీ ఓటర్ల జాబితాలో, చేరేవాళ్ళని బట్టి మారడం మొదలైంది. 1996లో అయిదయ్యాయి. వెస్టర్న్ మావోరీ పోయి, దాని పడమటి తీరం తె తాయ్ హౌవావురు అనే కొత్త నియోజకవర్గంలోకి వెళ్ళింది. 2002 నుంచి మొత్తం ఏడు. ఇప్పుడు ఒక్కో మావోరీ సీటుకి పడే జనాభా, జనరల్ సీటుకి పడే జనాభా దాదాపు సమానం. మావోరీ ఓటరుకీ నాకూ ఉన్నవి అవే రెండు ఓట్లు: ఒకటి స్థానిక ఎంపీకి, ఒకటి పార్టీకి. ఎక్కువేమీ లేదు. ఏ రోల్‌లో ఉండాలో మావోరీలు ఎవరికి వాళ్ళే ఎంచుకుంటారు. అందరూ జనరల్ రోల్‌కి మారిపోతే ఆ సీట్లు వాటంతట అవే ఉండవు. ఎత్తేయాలనుకుంటే ఎత్తేసే తాళం ఇప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. మరి మధ్యలో మనల్ని ఎందుకు అడగాలి? నాలుగింట మూడొంతుల మందికి పైగా మావోరీలు కాని దేశంలో రెఫరెండం పెట్టి తేల్చుదామనడం, ఫలితం ముందే రాసి పెట్టుకుని ఓటింగ్ పెట్టడమే.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఇక్కడి చట్టాల్లో ఓటు వయసు, రహస్య బ్యాలెట్, పార్లమెంటు గడువు లాంటి కొన్ని సెక్షన్లు మార్చాలంటే 75 శాతం ఎంపీలో, లేదా రెఫరెండమో కావాలి. మావోరీ సీట్ల సెక్షన్‌కి ఆ రక్షణ లేదు. ఒక్క ఓటు మెజారిటీతో తీసేయొచ్చు. ఆ రక్షణ కల్పించాలని ఒక బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. ఎలక్షన్ ముందు అన్ని పార్టీల అభ్యర్థులూ మన గుడి హాలుకి వస్తారు, శాలువాలు కప్పించుకుంటారు, వీసాల గురించీ షాపుల్లో దొంగతనాల గురించీ అడిగించుకుంటారు. ఈసారి నేను మైకు అడిగి ఆ సెక్షన్ సంగతి అడగబోతున్నాను. దానికి 75 శాతం రక్షణ ఇస్తారా, ఇవ్వరా? జవాబుని బట్టే నా స్థానిక ఓటు.